విడవలూరు పిల్ల

ఆ ఆదివారం చెంచురామయ్య ఒక్కటే పని పెట్టుకున్నాడు. విడవలూరు పోయి కుక్కపిల్లను చూడడం, నచ్చితే తెచ్చుకోవడం. మధ్యాహ్నం భోజనానికల్లా ఇల్లు చేరాలన్నది ఆయన ఆలోచన.

క్రాసు కుక్కే కావాలని ఇంట్లో అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. అందుకు కారణం ఎదురింటి రాజ్ కుమార్. ఆ మహానుభావుడు అసలు సిసలు జాతి అని మంచుదేశపు కుక్కను తెచ్చాడు. నెల్లూరు రోహిణి కార్తె ముందు ఏ జాతి నిలుస్తుంది? ఆ కుక్క ఫ్రిజ్ తలుపు తానే తీసుకుని, తల లోపల పెట్టి నిద్రపోయేది. పెరుగు గిన్నె కావాలంటే ఇంటిల్లిపాదీ దాన్ని బతిమాలుకోవాలి. ఏసీ గది దానికిచ్చి, రాజ్ కుమార్ వరండాలో దోమలకు విందయ్యాడు. ఇదంతా చూసిన చెంచురామయ్య భార్య ఆదిశేషమ్మ, "మనకి జాతీ వద్దు, గీతీ వద్దు. మన ఎండకి తట్టుకుని మన కూడు తినేది చాలు" అని తేల్చేసింది.

కుక్క సంగతి ఇలా ఉండగా, కొడుకు నరేంద్రబాబు సంగతి వేరు. కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగం, నెత్తిన పలచబడుతున్న జుట్టు. వచ్చిన సంబంధమల్లా తప్పిపోగా, చివరికి మనుబోలు రమణయ్య కూతురు వెన్నెలతో మాటలు ఒక కొలిక్కి వస్తున్నాయి. ఇదీ తప్పితే వీడు బ్రహ్మచారిగానే పింఛను తీసుకుంటాడని చెంచురామయ్య బెంగ.

భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకుని బస్టాపుకొచ్చి, ఆయన కుక్కపిల్లనిచ్చే విడవలూరు గంగాధరానికి ఫోన్ చేశాడు. సెల్‌ఫోన్ మీద ఆయనకు నమ్మకం లేదు. అవతలి ఊరు ఎంత దూరమో అంత గట్టిగా అరుస్తాడు.

"గంగాధరం! పిల్ల బాగుండాదా? తల్లి మంచి జాతిదే గదా? ఏందీ, తండ్రి ఎవురో తెలీదా? పోనీలే అబ్బయా, క్రాసు అయితేనే రోగాలు రావు! మావోడికి నచ్చితే ఈ పూటే ఇంటికి తెచ్చేసుకుంటాం!"

పక్క బెంచీ మీద టీ తాగుతున్న పెంచలకృష్ణ చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది. మనుబోలు సంబంధం తెచ్చిన పెళ్ళిళ్ళ పేరయ్య అతనే. ఆదిశేషమ్మ చేతి పళ్ళెంలోకి తొంగిచూశాడు. అరటిపళ్ళు, తమలపాకులు, పట్టుచీర! కుక్కపిల్లను ఉత్తినే తెచ్చుకుంటే ఇంట్లో నిలవదని ఆమె నమ్మకం. ఆ చీర గంగాధరం భార్య పేరమ్మకు. ఆ పక్కనే ఇస్త్రీ చొక్కాలో నరేంద్రబాబు. బస్సు కదిలిందో లేదో, మనుబోలుకు ఫోన్ వెళ్ళింది.

"రమణయ్యన్నా, కొంప మునిగింది! విడవలూరులో గంగాధరం ఇంటికి వేరే పిల్లని చూసేదానికి పోతుండారు. తండ్రి ఎవురో తెలీకపోయినా పర్లేదంట. క్రాసంట!"

ఆ క్రాసు రమణయ్య చెవిన పడేసరికి కులాంతరమైంది. ఆయన భార్య చెవిన పడేసరికి ఆ పిల్లకు ఇదివరకే పెళ్ళయింది. వీధి చివరకు చేరేసరికి నరేంద్రబాబుకు ఇద్దరు బిడ్డలు పుట్టారు. రమణయ్య కారు తీశాడు.

"నేనూ వస్తా నాయనా. ఆ పిల్ల ఎట్టుంటాదో నేనూ చూడాల" అని వెన్నెల ముందు సీట్లో కూర్చుంది.

విడవలూరులో వర్జ్యం దాటేదాకా పిల్లను చూడకూడదని ఆదిశేషమ్మ పట్టు పట్టింది. ఈలోగా పేరమ్మ చేపల పులుసుతో అన్నాలు పెట్టింది. అసలు చూపులు మొదలయ్యేసరికి కారు రానే వచ్చి తాటాకు దడి అవతల ఆగింది. రమణయ్య దడికి చెవి ఆనించాడు.

"పళ్ళు బాగుండాయా?" ఆదిశేషమ్మ గొంతు.

"ముత్యాలు గదక్కా!" అంది పేరమ్మ.

"ఏదీ, నాలుగడుగులు నడిపించు. తిండెట్టా?"

"మీరు తినంగా మిగిలింది పెట్టండి చాలు. వేరే వండబన్లేదు."

"అరుస్తాదా?"

"అరవదక్కా. ఒకేసారి కరుస్తాది."

"మా ఇంటికి అచ్చంగా ఇట్టాంటిదే కావాల!" అని చెంచురామయ్య మురిసిపోయాడు.

"అలవాటయ్యేదాకా నాలుగు రోజులు గొలుసేసి కట్టేయండన్నా" అన్నాడు గంగాధరం.

ఇక రమణయ్య ఆగలేకపోయాడు. దడి తోసుకుని లోపలికొచ్చి పడ్డాడు, వెనకే వెన్నెల.

"ఏమయ్యా చెంచురామయ్యా! మా బిడ్డని వాకిట్లో నడిపించి, ఏడు తరాల పేర్లు అడిగి, ఈడ తండ్రి పేరే లేనిదానికి పట్టుచీర తెస్తివా?"

నరేంద్రబాబు ఒళ్ళో ఉన్నదాన్ని పైకెత్తి చూపించాడు. ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిన గోధుమరంగు పిల్ల తోక ఊపింది.

"కుక్కా?" అన్నాడు రమణయ్య.

"కుక్కే మామా."

అందరూ పడీపడీ నవ్వారు. సంబంధం నిలిచిందని చెంచురామయ్య గుండె కుదుటపడింది. వెన్నెల ఒక్కతే నవ్వలేదు.

"అత్తా, పళ్ళూ నడకా నాకూ చూసినారు, దీనికీ చూసినారు. తాత ముత్తాతలు నాకు మాత్రమేనా? సరే, మీవోడి గురించి ఎవురూ ఏమీ అడగలేదు గదా, నేనడగతా. వేరే వండాల్నా?"

ఆదిశేషమ్మకు అబద్ధం చెప్పడం రాదు. "వండాల తల్లీ. పులుసు లేకుంటే ముద్ద దిగదు."

"చెప్పిన మాట వింటాడా?"

చెంచురామయ్య కళ్ళతో ఎన్ని సైగలు చేసినా ఆమె అటు చూడలేదు. "వాళ్ళ నాయన మాదిరే" అంది.

"కొత్తోళ్ళొస్తే?"

"గదిలోకి పోయి తలుపేసుకుంటాడు."

నరేంద్రబాబు తల వంచుకున్నాడు. కుక్కపిల్ల మాత్రం అతని ఒళ్ళోంచి దూకి, వెన్నెల కాళ్ళ దగ్గర చుట్ట చుట్టుకుని పడుకుంది. ఆమె దాన్ని ఎత్తుకుని, ఆదిశేషమ్మ పళ్ళెంలోని తాంబూలం పేరమ్మ చేతిలో పెట్టి, కారెక్కింది.

పిల్ల ఆ పూటే కుదిరి మనుబోలు చేరింది. అబ్బాయి సంగతి ఇంట్లో మాట్లాడుకుని కబురు చేస్తామన్నారు.