కిలోన్నర గురవయ్య

ఒక పెద్ద అడవిలో వాగు నీళ్ళు చెడిపోయి, సగం జంతువులకి కిడ్నీలు పాడయ్యాయి. వాగు బాగుచెయ్యడం పెద్ద పని కాబట్టి ఆసుపత్రి కట్టారు. అందులో రక్తం కడిగే డయాలసిస్ యంత్రాలు నాలుగు పెట్టారు. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలందరి పేర్లూ రాతిపలక మీద చెక్కించారు. ఆ పలక చెక్కినవాడి పేరు కూడా కింద ఉంది. యంత్రాలు నడిపేవాడి పేరు మాత్రం లేదు. చోటు చాల్లేదన్నారు.

ఆ నడిపేవాడు గురవయ్య అనే ముంగిస.

డయాలసిస్‌కి యంత్రం ఎంత ముఖ్యమో నీళ్ళూ అంతే ముఖ్యం. ఆ నీళ్ళు వడగట్టే గొట్టం యంత్రాల వెనక గోడలో ఉంటుంది. రోజూ పొద్దున్నే దాంట్లో దూరి, మురికి కడిగి, నీళ్ళు పరీక్ష చేసి, "ఇవాళ పరవాలేదు" అని చెప్పి బయటికి రావాలి. నీళ్ళలో తేడా ఉంటే రోగి మంచం మీదే పోతాడు. గురవయ్య తొమ్మిదేళ్ళుగా దూరుతున్నాడు. తొమ్మిదేళ్ళలో ఒక్కరూ పోలేదు. ఒక్కరూ పోలేదు కాబట్టి గురవయ్య అనేవాడొకడు ఉన్నాడని పెద్దలకి తెలియలేదు.

మొదట్లో ముగ్గురు టెక్నీషియన్లు ఉండేవాళ్ళు. ఉడుత మానేసి టిఫిన్ బండి పెట్టుకుంది. పునుగుపిల్లి పక్క అడవి ఆసుపత్రికి పోయింది. ఆ రెండు ఖాళీలూ నాలుగేళ్ళుగా పరిశీలనలో ఉన్నాయి. నాలుగు యంత్రాలూ, ఇరవై మంది రోగులూ గురవయ్య ఒక్కడి నెత్తిన పడ్డారు.

అతని జీతం నెలకి ఇరవై గుడ్లు. ఇంట్లో పెళ్ళాం, అయిదుగురు పిల్లలు. నెల సగం గడిచేసరికి ఇంట్లో గుడ్డు పెంకులు కూడా మిగిలేవి కావు. ఒకరోజు పెళ్ళాం పోరు పడలేక అర్జీ రాసుకుని ఆఫీసుకి వెళ్ళాడు.

హెడ్ గుమస్తా కామేశం ముళ్ళపంది. కాగితాలన్నీ వీపు మీది ముళ్ళకే గుచ్చి ఉంచుతాడు. ఒకసారి గుచ్చిన కాగితం మళ్ళీ ఎవరి చేతికీ రాదు.

"ఏవయ్యా గురవయ్యా, జీతం పెంచమంటే ఎలాగయ్యా? మన అడవిలో జీతం బరువుని బట్టి. బరువు ఎక్కువైతే ఆకలెక్కువ, ఆకలెక్కువైతే జీతం ఎక్కువ. నువ్వేమో కిలోన్నర. పన్నెండో తరగతి. దాని కింద ఇంక తరగతి లేదు, అదృష్టవంతుడివి."

"గేటు దగ్గర దున్నపోతు గారు పగలంతా నిద్రేనండి. నెలకి రెండు బళ్ళ గడ్డి ఇస్తున్నారు."

"అతను ఆరొందల కిలోలు. నిద్రపోతే బరువు తగ్గుతుందా?"

"పక్క అడవిలో నలభై గుడ్లు ఇస్తారటండి. అక్కడ బరువు చూడరట. గొట్టంలో దూరితే చాలట" అన్నాడు గురవయ్య.

ఈ మాట జీతాల కమిటీ దాకా వెళ్ళింది. కమిటీ అధ్యక్షుడు ఏనుగు. పేరు సింహాచలం గారు. అయిదు వేల కిలోలు. బరువు ప్రకారం జీతమనే పద్ధతి పెట్టింది ఆయనే. అందులో తనకేదో లాభం ఉందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

"వాడు పోతాడంటారా?" అని అడిగారు సింహాచలం గారు.

"పోడండి. రోగుల మీద జాలి ఎక్కువ. నాంచారమ్మ అని ఒక ముసలి రోగి ఉంది, ఆవిణ్ణి వదిలి అసలే పోడు" అన్నాడు కామేశం.

"జాలి ఉన్నవాడికి జీతం ఎందుకయ్యా?"

కమిటీ సభ్యులంతా ఈ మాటని మెచ్చుకున్నారు. కానీ సింహాచలం గారిది మంచి మనసు. పద్ధతి మార్చకుండానే గురవయ్యకి మేలు చెయ్యాలని ఒక దారి వెతికారు. మూడు కిలోలు తూగితే పదకొండో తరగతి వస్తుంది, సీనియర్ హోదా, ముప్పై అయిదు గుడ్లు. కాబట్టి గురవయ్య ఒళ్ళు చెయ్యాలి. అందుకని మూడు నెలలు తిండి భత్యం కూడా ఇచ్చారు.

గురవయ్య తిన్నాడు. జీవితంలో మొదటిసారి కడుపు నిండా తిన్నాడు. పిల్లలు తిన్నాక తిన్నాడు, అయినా ఒళ్ళొచ్చింది.

నాంచారమ్మ ముసలి దుప్పి. సోమ, బుధ, శుక్రవారాలు వచ్చి మూడో నంబరు మంచం మీద నాలుగు గంటలు పడుకుంటుంది. "ఏం నాయనా, బుగ్గలొచ్చాయి! నీ మొహం కళగా ఉంటే నా రక్తం సగం అదే శుభ్రమైపోతోంది" అంది.

మూడు నెలలకి ఊరేగింపుగా తీసుకెళ్ళి అందరి ఎదుటా తూచారు. మూడు కిలోల యాభై గ్రాములు. దండ వేశారు. చప్పట్లు కొట్టారు. గురవయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ సాయంత్రం అతని ఇంట్లో అందరూ సుఖంగా నిద్రపోయారు.

మర్నాడు పొద్దున్న గురవయ్య గొట్టంలో దూరాడు. నడుం దాకా వెళ్ళి ఇరుక్కున్నాడు. దున్నపోతుని నిద్రలేపి, తోక పట్టుకుని లాగించుకోవలసి వచ్చింది.

పరుగున ఆఫీసుకి వెళ్ళాడు.

"నువ్వెందుకు దూరడం? సీనియర్‌వి. దూరేవాణ్ణి పర్యవేక్షించు" అన్నాడు కామేశం.

"దూరేవాడు ఎవడండి?"

"ఆ ఖాళీ పరిశీలనలో ఉంది."

ప్రకటన వేశారు. కిలోన్నర లోపు బరువు ఉండాలి, తొమ్మిదేళ్ళ అనుభవం ఉండాలి, జీతం ఇరవై గుడ్లు. ఒక చుంచెలుక వచ్చింది. యంత్రాలు చూసింది, గొట్టం చూసింది, జీతం సంగతి విని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

సోమవారానికి గొట్టం మురికి పట్టింది. గురవయ్య నీళ్ళు పరీక్ష చేసి, నాలుగు యంత్రాలూ తనే ఆపేశాడు. "ఈ నీళ్ళతో కడిగితే ఇవాళే పోతారు. కడక్కపోతే వారం ఉంటారు" అని రోగులతో చెప్పాడు. అంత నిజం చెప్పినందుకు అతనికే ఏడుపొచ్చింది.

ఆ రోజు నుంచి గురవయ్య తిండి మానేశాడు.

బుధవారం నాంచారమ్మ కాళ్ళు ఉబ్బి వచ్చింది, తిరిగి వెళ్ళింది. శుక్రవారం వచ్చి, ఇంక వెళ్ళే ఓపిక లేక ఆసుపత్రి గుమ్మంలోనే పడుకుంది. ఊపిరి తీస్తే నాలుగు బారల దూరానికి వినిపిస్తోంది.

"నాయనా, నా కోసం మాడకు. పిల్లలున్నవాడివి" అంది.

"మాట్లాడకమ్మా. నీళ్ళు తాగకు. ఆదివారం దాకా ఓపిక పట్టు" అన్నాడు గురవయ్య. అతని చర్మం అప్పటికే సంచిలా వేలాడుతోంది.

శనివారం కామేశం మెమో పట్టుకొచ్చాడు. సీనియర్ హోదాలో ఉండి, అనుమతి లేకుండా బరువు తగ్గుతున్నందుకు, తిండి భత్యం రూపంలో ఇచ్చిన ప్రభుత్వ బరువుని దుర్వినియోగం చేసినందుకు, ఆదివారం పది గంటలకి కమిటీ ముందు హాజరై సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆదివారం పది గంటలకి గురవయ్య గొట్టంలో ఉన్నాడు. రెండు పక్కలా ఒళ్ళు గీరుకుపోయింది. మురికంతా తోడి, కడిగి, నీళ్ళు మూడుసార్లు పరీక్ష చేశాడు. మధ్యాహ్నానికి నాంచారమ్మని మూడో నంబరు మంచం ఎక్కించాడు. నాలుగు గంటలూ పక్కనే నిలబడ్డాడు. ఆయాసం తగ్గి, ఆవిడ ఆవలించి, "ఆకలేస్తోంది నాయనా" అంది. అంతకంటే మంచి మాట గురవయ్య తన సర్వీసులో వినలేదు.

హాజరు కానందున కమిటీ అతన్ని ఉద్యోగంలోంచి తీసేసింది. మిగతా పందొమ్మిది మంది వంతులూ రెండు రోజులు తిండీ నిద్రా లేకుండా పూర్తి చేసి, బుధవారం పొద్దున్న గురవయ్య పెళ్ళాం పిల్లలతో పక్క అడవికి బయల్దేరాడు. కొంత దూరం పోయాక వెనక్కి చూస్తే నాంచారమ్మ వస్తోంది. ఆవిడ వెనక మిగతా రోగులంతా వస్తున్నారు.

ఆసుపత్రి ఖాళీ అయింది. ఆ ఏడాది ఒక్క ఫిర్యాదు రాలేదు. యంత్రాలకి ఒక్క మరమ్మతూ పడలేదు. ఒక్క రోగీ చనిపోలేదు. ఉత్తమ ఆసుపత్రిగా పతకం వచ్చింది. అది సింహాచలం గారే అందుకున్నారు.

ఆ రోజుల్లోనే ఆయన బరువు పెరగడం మొదలైంది. తిండి తగ్గినా పెరిగింది. వంద కిలోలకి ఒకటి చొప్పున రెండు ఇంక్రిమెంట్లు పడ్డాయి. కాళ్ళు స్తంభాలయ్యాయని అభిమానులు పొగిడారు. ఇంకో నెలకి నాలుగడుగులు వేస్తే ఆయాసం. అడవి డాక్టరు పరీక్ష చేసి, డయాలసిస్ చెయ్యాలన్నాడు. పతకం వచ్చిన ఆసుపత్రిలో యంత్రాలు అద్దాల్లా మెరుస్తున్నాయి. నడిపేవాడు లేడు.

కామేశాన్ని వెంటబెట్టుకుని సింహాచలం గారు పక్క అడవికి వెళ్ళారు.

గురవయ్య లేచి నమస్కారం పెట్టాడు. పాత సంగతులు ఎత్తలేదు. డయాలసిస్‌కి ముందు అందరినీ తూచినట్టే ఆయన్నీ తూకం ఎక్కించాడు.

"అయిదు వేల రెండొందల యాభై" అన్నారు సింహాచలం గారు, ముల్లు ఆగకముందే.

"ఇందులో తమరెంతండి, నీళ్ళెంతండి?"

"అదేం ప్రశ్న? అంతా నేనే."

గురవయ్య ఆయన కాలి మీద చేత్తో నొక్కాడు. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"రెండొందల యాభై కిలోలు నీళ్ళేనండి. తీసెయ్యాలి. ఇవాళ మొదలుపెడితే బతుకుతారు."

సింహాచలం గారు చాలాసేపు తూకం ముల్లునే చూశారు. "తీస్తే అయిదు వేలకి దిగుతానా?"

"దిగుతారండి."

ఆయన కామేశం వైపు చూశారు. కామేశం వీపు తడుముకుని ఒక కాగితం లాగాడు. ఆ వీపు మీంచి కాగితం బయటికి రావడం అదే మొదటిసారి. "రెండు ఇంక్రిమెంట్లూ పోతాయండి. తీసుకున్నది కూడా వెనక్కి కట్టాలి. మార్చి దాకా ఈ బరువు నిలబెడితే మాత్రం ఖాయమవుతాయి."

"మార్చి దాకా ఆగలేవటయ్యా గురవయ్యా?"

"నేనాగుతానండి. నీళ్ళాగవు."

పక్క మంచం మీంచి నాంచారమ్మ అంది: "పడుకో బాబూ. నొప్పుండదు. ఈ అబ్బాయి చెయ్యి మంచిది."

సింహాచలం గారు పడుకోలేదు. తూకం జాగ్రత్తగా దిగి, మార్చిలో వస్తానని చెప్పి వెళ్ళిపోయారు.

మార్చిలో రెండు ఇంక్రిమెంట్లూ ఖాయమయ్యాయి. ఆయన తరఫున ఆయన భార్య సంతకం పెట్టి తీసుకుంది.

నీతి: జీతం పెరగాలనుకునేవాడు పని నేర్చుకోకూడదు, జబ్బు తెచ్చుకోవాలి.