సమీప ప్రత్యర్థి

పట్టణంలో తనకు ప్రత్యర్థి అన్నవాడే లేడని మా పురపాలక సంఘం అధ్యక్షులవారు సోమవారం పొద్దున ప్రకటించారు. దాన్ని టైపు చేసిన భాగ్యం నాదే. శుక్రవారం ఆయన మీద అవిశ్వాస తీర్మానం ఉంది. పదహారుమంది సభ్యుల్లో తొమ్మిదిమంది ఆయన మనుషులే కాబట్టి కుర్చీకి ఢోకా లేదు.

మంగళవారం పేపరువాళ్ళు ఆ ప్రకటన వేసి, కింద ఒక ముక్క చేర్చారు. పోయిన ఎన్నికల్లో ఈయన తన సమీప ప్రత్యర్థిపై నాలుగు ఓట్ల తేడాతో గెలిచారని.

అధ్యక్షులవారు మూడుసార్లు చదివి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, సమీపం అంటే?"

"దగ్గర అండీ. అయితే ఇక్కడ ఓట్ల లెక్కలో..."

"దగ్గరే కదా. చాలు."

గొప్పవాళ్ళకు సగం మాట చాలు. ఆయన చుట్టూ చూశారు. అందరికంటే దగ్గరగా పి.ఎ. ఉన్నాడు, చెవిలో ఏదో చెబుతూ. చెప్పడం పూర్తికాకముందే అతని ఉద్యోగం పోయింది.

తర్వాత టేపు తెప్పించారు. ఇరవై అడుగుల లోపు ఎవరు కనిపించినా ప్రత్యర్థి కింద లెక్కేనని ఉత్తర్వు వేశారు. నా బల్ల వరండాలోకి వెళ్ళింది. ఆయన కిటికీలోంచి అరిస్తే నేను టైపు చేసేదాన్ని. సంతకం కావలసిన కాగితాలు బూజుకర్రకు గుచ్చి అందించేవాళ్ళం. సభ్యుడైన బావమరిది, ఇదేం పద్ధతని అక్క చేత అడిగించాడు. ఆ రాత్రి నుంచి అక్కగారి మంచం హాల్లోకి మారిందని విన్నాం.

శుక్రవారం సభ మొదలైంది. ఎన్నికల అధికారి పద్ధతి చెప్పారు. అధ్యక్షుణ్ణి సమర్థించేవారు లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడాలి. తొమ్మిదిమంది ఉంటే కుర్చీ నిలుస్తుంది.

తొమ్మిదిమందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బావమరిది ఒక అడుగు వేసి ఆగాడు.

"బావా, రమ్మంటావా?"

"అక్కడే ఉండరా. ముందు ఎవడు కదుల్తాడా అనే చూస్తున్నా."

"మరి కుర్చీ పోతుంది కదా?"

"ఓహో. కుర్చీ మీదన్నమాట నీ కన్ను."

బావమరిది కూర్చున్నాడు. అధికారి ఇంకో ఐదు నిమిషాలు ఆగి, సమర్థించినవారు సున్నా అని రాయమన్నారు. రాశాను.

అధ్యక్షులవారు అటూ ఇటూ, వెనకా చూసుకుని, ఆ వారంలో మొదటిసారి హాయిగా నవ్వారు.

"ఒక్కడూ లేడు" అన్నారు.