మీ అతిథి బయలుదేరారు

ఆ రోజుకు సెమాండా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున తను చేస్తున్న ప్రోగ్రాముకు టెస్టులు రాసేయాలి, మధ్యాహ్నం తీరిగ్గా తినాలి, నాలుగింటికి నమ్యాలో మేడమ్‌కు చూపించాలి. కంపాలాలోని ఆ చిన్న ఆఫీసుకు ఆవిడే పెద్ద. ఆవిడకు నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే నెలాఖరుకు ఇంటికి.

ఎవరైనా బస్సెక్కితే, వాళ్లకోసం ఎదురుచూసేవారి ఫోనుకు "మీ అతిథి బయలుదేరారు" అని సందేశం పంపే ప్రోగ్రాము అది. మిత్యానా ఊరి బస్సుల్లో అప్పటికే వాడుతున్నారు. నెట్‌వర్క్ తెగినా, కాసేపాగి మళ్లీ పంపుతుందా లేదా అన్నదే టెస్టు తేల్చాలి. నిజం సందేశాలు బయటికి పోకుండా సెమాండా తన కంప్యూటరులోనే ఒక ఉత్తుత్తి సర్వరు పెట్టాడు. టెస్టుకు ఏదో ఒక ఫోను నెంబరు కావాలి. అతనికి కంఠతా వచ్చింది ఒక్కటే, మిత్యానాలో ఉండే మేనత్త నబ్బోసాది. చిన్నప్పుడు హాస్టల్లో చేర్చిన రోజు గేటు దగ్గర నిలబెట్టి ఆవిడ వల్లె వేయించిన నెంబరు.

టెస్టు పచ్చగా వచ్చింది, అంటే పాసైనట్టే. కింద పసుపు రంగులో ఏదో హెచ్చరిక కూడా వచ్చింది గానీ, పచ్చ కనబడ్డాక పసుపును ఎవరు చదువుతారు? ముచ్చటేసి మళ్లీ నడిపాడు. టీ తెచ్చుకుని మళ్లీ నడిపాడు. పక్క సీటతనికి చూపించడానికి ఇంకోసారి నడిపాడు.

కాసేపటికి అత్తయ్య ఫోను చేసింది.

"ఎంతమందిని పంపుతున్నావురా? ఫోను మోగినప్పుడల్లా ఇంకో అతిథి బయలుదేరాడంటోంది."

"ఎవరత్తయ్యా?"

"నన్నడుగుతావేంటి? ఇంతమందంటే నువ్వు చేసుకోబోయే అమ్మాయి తరఫు వాళ్లేగా. ముందు మనం కదరా వాళ్లింటికి వెళ్లాలి. వాళ్లే వచ్చేస్తున్నారంటే ఏం మనుషులో. సరేలే, మాటోకె అరటికాయలు ఆకుల్లో చుట్టి పొయ్యెక్కించా. కోడిని కోశా. పక్కింటివాళ్ల కుర్చీలు తెప్పించా."

"ఏ అమ్మాయీ లేదత్తయ్యా. ఎవరూ రావట్లేదు. పొరపాటు నాదే."

అవతల గరిట చప్పుడు ఆగింది.

"ఎవరూ రావట్లేదా?"

"ఎవరూ."

"సరే," అని ఫోను పెట్టేసింది. మామయ్య పోయాక ఆ పొయ్యి మీదికి చిన్న గిన్నె తప్ప ఎక్కలేదని సెమాండాకు తెలుసు.

అప్పుడు చదివాడు పసుపు హెచ్చరికను. ఉత్తుత్తి సర్వరును మొదలుపెట్టే వరుసలో 'అవెయిట్', అంటే 'ఆగు', అన్న మాట మరిచిపోయాడు. అది లేకపోతే ప్రోగ్రాము రాసిన పైథాన్ భాష పనికి సరేనంటుంది, మొదలుపెట్టదు. సందేశాలన్నీ నిజం సర్వరు నుంచి నేరుగా అత్తయ్యకు పోయాయి.

అది కనిపెట్టేసరికి గంట దాటింది. ఆ మాట చేర్చి నడిపాడు. పచ్చ. పసుపు లేదు. ఊపిరి పీల్చుకునేలోపు అతని ఫోనే మోగింది: "మీ అతిథి బయలుదేరారు."

సెమాండా లేచి వెళ్లి నమ్యాలోకు అంతా చెప్పేశాడు. "నా నెంబరు ఎక్కడా రాయలేదు మేడమ్. ఇప్పుడు అడక్కుండానే పంపుతోంది."

ఆవిడ కోప్పడలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఇద్దరూ భోజనం మానేసి వరుస వరుసా వెతికారు. చివరికి ఆవిడ ఆఫీసు ఇంటర్నెట్టే పీకేసి టెస్టు నడిపింది. అయినా పచ్చే.

"బయటికి ఏమీ పోవట్లేదయ్యా. మరి నీ అతిథి ఎవరు?"

తలుపు దగ్గర పెద్ద మూటతో నబ్బోసా నిలబడి ఉంది.

"బస్సులో ఎవరికి చెప్పాలన్నారు, నీ నెంబరిచ్చా. అందలేదా?" అంది. "నువ్వు చేరిన రోజు ఈ గేటు దగ్గర దిగిన ఫొటో పంపావుగా, అది చూపించుకుంటూ వచ్చా. ఇంత వంట ఒక్కదాన్నే ఎలా తిననురా?"

అరటాకులు విప్పేసరికి గదంతా ఆవిరి. వేరుశనగ పులుసు ఇంకా వెచ్చగానే ఉంది. కందనకాయ చేత్తో పట్టుకుని, "ఇక్కడ పెద్దెవరు?" అని అడిగింది నబ్బోసా. అందరూ నమ్యాలో వైపు చూశారు. ఇంటి మగాడికి తప్ప ఎన్నడూ వడ్డించని ముక్క అది. నబ్బోసా ఒక్క క్షణం ఆలోచించి, ఆవిడ ఆకులోనే వేసింది.

"మనిషిని పిలిచాక, వచ్చేదాకా ఆగాలి. అదన్నా నేర్పండమ్మా వీడికి," అంది.

"ఇవాళే నేర్చుకున్నాడండీ," అంది నమ్యాలో. "వచ్చే నెల నుంచి ఇక్కడే ఉంటాడు."

టెస్టులో అత్తయ్య నెంబరు మార్చమని మాత్రం ఆవిడ చెప్పలేదు.