అధికారిక చీకటి

"ఇకమీదట మన డిగ్నాబాద్ మెట్ట మీద చీకటికి భయపడే ఆడది ఒక్కతీ ఉండదు! ఎందుకంటే, చీకట్లో ఆడది ఒక్కతీ ఉండదు!"

మణికుమార్ గారు ఈ మాట అనగానే కమ్యూనిటీ హాలు చప్పట్లతో మారుమోగింది. మొదటి ముక్కకు కొట్టాలో రెండో ముక్కకు కొట్టాలో తెలియక కొందరు రెండుసార్లు కొట్టారు. వెనక వరసలో కూర్చున్న ఆయన భార్య సింహాచలమ్మ కూడా కొట్టింది. పెళ్లయిన నాటి నుంచీ ఆయన మాటలకు ఆమె చప్పట్లు కొడుతూనే ఉంది. ఇంట్లో చప్పుడు రాకుండా, సభలో వచ్చేట్టు.

నిజానికి ఆ మీటింగు పెట్టింది ప్రకటనల కోసం కాదు, లైటు కోసం. బస్టాపు నుంచి పైకి ఎక్కే వాలు రోడ్డులో, సరిగ్గా మణికుమార్ గారి ఇంటి ముందు మలుపులో ఉన్న వీధి దీపం వానాకాలంలో ఆరిపోయింది. వానాకాలం వెళ్లిపోయింది గానీ దీపం తిరిగి రాలేదు. ఆ సంగతి లేవనెత్తింది అబిగేలు. ఆ అమ్మాయిది ఇంకో దీవిలోని రంగత్. ఆసుపత్రి పక్కన ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. మణికుమార్ గారి మేడ మీది గదిలోనే అద్దెకుంటుంది. ఆమెది సాయంత్రం షిఫ్టు కాబట్టి ఇంటికి చేరేసరికి ఎనిమిది దాటుతుంది.

"ఆ మలుపులో ఒక్క బల్బు పెట్టిస్తే చాలు అంకుల్. అంతే," అంది అబిగేలు.

'అంతే' అనే మాట పెద్దమనుషులకు పడదు. బల్బు అడిగితే బల్బు ఇచ్చేస్తే ఇక పెద్దమనుషులెందుకు? మణికుమార్ గారు ఓడల ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. ఒక పనిని ఎన్ని విధాల చెయ్యకుండా ఉండవచ్చో ఆయనకు కంఠతా వచ్చు.

"బల్బు అనేది పైపూత! మనం రోగం మూలం వెతకాలి," అన్నారు.

వెతికారు. చీకట్లో నడిచే ఆడవాళ్లే రోగమని తేలింది. చీకటి పడేలోగా ఆడవాళ్లందరూ ఇళ్లకు చేరుకోవాలని తీర్మానం తయారైంది. అప్పుడు ఒక టీచరమ్మ లేచింది.

"సార్, డిసెంబరులో మనకి ఐదుకే చీకటి పడిపోద్ది కదా. ఆఫీసులు వదిలేది ఐదున్నరకి. మరి మేమెలా రావాలి, ఎగిరొచ్చా?"

సభ ఇరుకున పడింది. ఈ దీవుల్లో గడియారం మెయిన్‌లాండ్‌ది, సూర్యుడు మాత్రం లోకల్. వాడు ఎవరినీ అడక్కుండా తన టైముకి డ్యూటీ దిగిపోతాడు. మణికుమార్ గారు కళ్లు మూసుకుని ఆలోచించి, కళ్లు తెరిచి సవరణ చెప్పారు: "సాయంత్రం ఏడు గంటలకు ముందు పడే చీకటిని చీకటిగా పరిగణించరాదు. ఏడు తర్వాత ఉండేదే అధికారిక చీకటి!"

మళ్లీ చప్పట్లు. అలా రాత్రి భద్రతా కమిటీ పుట్టింది. అధ్యక్షులు మణికుమార్ గారు. కార్యదర్శి కన్నబాబు, కాంట్రాక్టులు లేని కాంట్రాక్టరు. సభ్యుడు నూకయ్య, మణికుమార్ గారి ప్రాణస్నేహితుడు. హార్బరులో ఏళ్ల తరబడి క్రేన్ నడిపి నడిపి ఆయన చెవులు మొద్దుబారాయి. కమిటీలో ఏకాభిప్రాయం కుదరడానికి అది బాగా పనికొచ్చింది.

మర్నాటి నుంచే కాపలా మొదలైంది. ఏడు కొట్టగానే ముగ్గురూ లాఠీలు, ఈలలు పట్టుకుని మలుపులో కల్వర్టు మీద కూర్చునేవారు. వచ్చే ప్రతి ఆడమనిషినీ ఆపి ఎక్కడి నుంచి, ఎందుకింత ఆలస్యం, ఆటోలో దింపినవాడెవడు అని అడిగేవారు. దొంగల్ని ఏమీ అడిగేవారు కాదు. ఎందుకంటే దొంగలెవరూ ఆ దారిన వచ్చేవారు కాదు.

మిగతావాళ్లు మెల్లగా అలవాటు పడ్డారు, లేదా చుట్టుదారి పట్టారు. అబిగేలుకు చుట్టుదారి లేదు. ఆమె ఉండే ఇల్లే మలుపులో ఉంది. ఒకరోజు మణికుమార్ గారు మేడ మెట్ల దగ్గరే నిలబడి చెప్పేశారు.

"షిఫ్టు అయినా మార్చుకో, గది అయినా మార్చుకో. అధ్యక్షుడి ఇంట్లోనే రూలు తప్పితే వీధికి ఏం చెప్తాం?"

"షిఫ్టు నా చేతిలో లేదంకుల్."

"అయితే గది నా చేతిలో ఉంది. నెలాఖరుకి ఖాళీ చెయ్."

ఆ రాత్రి సింహాచలమ్మ చేపల పులుసు గిన్నెలో పోసుకుని మేడ మీదికి వెళ్లింది. అబిగేలు ఫోన్లో మాట్లాడుతోంది. రంగత్ నుంచి వాళ్ల నాన్న జీవరాజు గొంతు బయటికే వినిపిస్తోంది. "గది దొరక్కపోతే ఇంటికొచ్చేయమ్మా. ఉద్యోగం లేకపోతే ఏటి, మన షాపు సూసుకుందువు."

ఫోను పెట్టేసి అబిగేలు గిన్నె అందుకుంది. "ఈ ఉద్యోగం కోసం రెండేళ్లు తిరిగాను ఆంటీ," అంది అంతే. ఏడవలేదు. ఏడిస్తే సింహాచలమ్మకు ఓదార్చడం తెలుసు. ఏడవకపోయేసరికి ఏం చెయ్యాలో తోచక కిందికి దిగొచ్చింది.

అన్నం వడ్డిస్తూ భర్తతో అంది: "ఏటండీ, ఆ గుంట తన పని తాను సేసుకుంటన్నాది. ఒక లైటు ఎట్టించేస్తే పోద్ది కదా?"

"నువ్వు పాలసీ విషయాల్లో తల దూర్చకు. పులుసు ఇంకాస్త వెయ్," అన్నారు మణికుమార్ గారు.

ఆమె పులుసు వేసింది.

మూడు నాలుగు రోజులకు సింహాచలమ్మ లంబాలైన్‌లో అక్క దేముడమ్మను చూడబోయింది. అక్కకు మోకాళ్ల నొప్పులు, మాటలకు మాత్రం ఏ నొప్పీ లేదు. బయల్దేరేసరికే పొద్దుపోయింది. తిరుగు బస్సు వేళకు రాలేదు. డిగ్నాబాద్‌లో దిగేసరికి అధికారిక చీకటి పడిపోయింది. పైగా చిన్న జల్లు. గొడుగు వేసుకుని, 'ఈయన ఏటంటారో' అనుకుంటూ వాలు ఎక్కసాగింది.

ఆ రోజే కమిటీ తన వ్యూహం మార్చుకుంది. "టార్చిలు వేసుకుని కూర్చుంటే దొంగ ముందే చూసి పారిపోతాడు. చీకట్లో దాక్కుని హఠాత్తుగా దూకాలి," అని కన్నబాబు సలహా ఇచ్చాడు. జల్లు పడుతోంది కాబట్టి ముగ్గురూ రెయిన్‌కోట్లు వేసుకుని, టోపీలు ముఖాల మీదికి లాక్కుని, గోడ పక్కన నక్కారు.

సింహాచలమ్మ మలుపు దగ్గరికి రాగానే గోడ నీడలోంచి మూడు నల్లటి ఆకారాలు దూకి రోడ్డుకు అడ్డం నిలబడ్డాయి. మూడు చేతుల్లో మూడు కర్రలు.

"రుకో! కౌన్ హై?" అంటూ ఒకటి ఆగమని హిందీలో అరిచింది. రెండోది గట్టిగా ఈల ఊదింది. ఆ ఈల మణికుమార్ గారి నోట్లోది. నోట్లో ఈల ఉండబట్టి ఆయన గొంతు భార్యకు తెలియలేదు. గొడుగు అడ్డుండబట్టి భార్య ముఖం ఆయనకు తెలియలేదు.

సింహాచలమ్మ పుట్టింది ఈ ఊళ్లోనే. ఈ వాలు మీద నిండు చూలాలిగా నడిచింది, చంటిపిల్లలతో నడిచింది, తుఫాను రాత్రి కొవ్వొత్తి కొనడానికి నడిచింది. ఏనాడూ భయపడలేదు. ఆ భయం ఎలా ఉంటుందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. మెడలో గొలుసు పట్టుకుంది. గొడుగు అక్కడే పారేసి, చెప్పులు జారుతుంటే వాటినీ వదిలేసి, వచ్చిన దారినే పరుగెత్తింది.

కింద బస్టాపు దగ్గర అప్పుడే ఆటో దిగుతోంది అబిగేలు. సింహాచలమ్మ ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. "ముగ్గురు... కర్రలు..." అన్న మాట తప్ప ఇంకేం రాలేదు. అబిగేలు ఇంకేమీ అడగకుండా 112కి ఫోను చేసింది.

దొంగను ఎక్కించి పంపడానికి కమిటీ ఎదురుచూస్తున్న పోలీసు జీపు నిమిషాల్లో వచ్చింది. వచ్చి కమిటీనే ఎక్కించుకుని వెళ్లింది.

స్టేషన్లో ఎస్సై ఒక హిందీ ఆవిడ. ముగ్గురినీ గోడ వారగా నిలబెట్టి, ఆడవాళ్లిద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టింది. రెయిన్‌కోట్ల టోపీలు తీయించింది.

"ఏమండీ!" అంది సింహాచలమ్మ.

"వీళ్లు మీకు తెలుసా?" అని ఎస్సై హిందీలో అడిగింది.

"మజ్జిలో ఆయన మా ఆయనే మేడమ్. ఆ పక్కాయన నూకయ్య బాబు. ఇటు పక్కోడు కన్నబాబు."

మణికుమార్ గారు ఊపిరి పీల్చుకుని తడి జుట్టు సవరించుకున్నారు. "చూశారా మేడమ్! మేము రాత్రి భద్రతా కమిటీ. నేను అధ్యక్షుణ్ణి. ఈమె నా మిసెస్. ఇదంతా మిస్అండర్‌స్టాండింగ్. సింహాచలం, కంప్లైంటు లేదని చెప్పు."

సింహాచలమ్మ తన కాళ్ల వంక చూసుకుంది. బురద. చెప్పుల్లేవు.

"మా ఆయనని తెలిసింది ఇప్పుడు కదండీ. అక్కడ తెలీనేదు. మా ఆయనైతే మాత్రం నా భయం అబద్ధమైపోద్దా?"

అబిగేలు మెల్లగా అంది: "వీళ్లు డ్యూటీ మొదలెట్టినప్పటి నుంచి నాకు రోజూ ఇలాగే ఉంటోంది ఆంటీ."

"ఆ రోడ్డు మీద లైటు లేదా?" అంది ఎస్సై.

ఆడవాళ్లిద్దరూ లేదన్నారు. మగవాళ్లు ముగ్గురూ ఫ్యాను వైపు చూశారు. ఎస్సై ముగ్గురికీ గట్టిగా చీవాట్లు పెట్టి, ఇంకోసారి కర్రలతో కనబడితే లోపలేస్తానని చెప్పి పంపించింది. పంపించే ముందు కరెంటాఫీసుకు ఫోను కూడా చేసింది.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసుకుని లైన్‌మన్ వీరేంద్ర వచ్చాడు. స్తంభం ఎక్కి ఒక్క క్షణంలో దిగిపోయాడు. పట్టపగలు మలుపులో దీపం వెలిగింది.

"అంతేనా భయ్యా? కొత్త బల్బు ఎయ్యవా?" అంది సింహాచలమ్మ, మజ్జిగ గ్లాసు అందిస్తూ.

"బల్బు ఠీక్ హై దీదీ. నేనే కదా ఫ్యూజు పీకి పక్కనెట్టాను. మీ సాబే చెప్పారు." వీరేంద్ర మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. "లైటు సీదా బాల్కనీలో పడిపోతోంది, సాయంత్రం నేనూ నూకయ్యా కూర్చుంటే రోడ్డు మీదోళ్లందరికీ కనిపిస్తోంది, జర బంద్ చెయ్ అన్నారు. పెద్దాయన అడిగితే కాదంటామా?"

బాల్కనీలో భర్తా నూకయ్యా రోజూ తీసుకునేది గ్యాసు మందని ఆయన చెప్పగా, సోడాలూ వేయించిన నెత్తళ్లూ అందిస్తూనే నమ్మినట్టు ఉండిపోయిన ఇల్లాలు సింహాచలమ్మ. మందు సంగతి ఆమెకు కొత్త కాదు. దానికోసం వీధంతటినీ చీకట్లో పెట్టారన్నదే కొత్త. వీధిలో ఆయనకు పెద్దమనిషని పేరు. పెద్దమనిషికి వెలుతురు పడదు.

ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. భర్త అప్పటికే ఫోన్లో ఉన్నారు. "అవునండీ, లైటు సాధించాం! ఆదివారం ప్రారంభోత్సవం పెడదాం!"

ఆదివారం ఐదున్నరకు, అంటే చీకటి పడ్డాక, కానీ అధికారికంగా పడక ముందు, స్తంభానికి రిబ్బను కట్టారు. మైకు పెట్టారు. ఫ్యూజు పెట్టినందుకు వీరేంద్రకు శాలువా కప్పారు. మణికుమార్ గారు రిబ్బను కత్తిరించి ఉపన్యాసం అందుకున్నారు.

"మొన్నటి సంఘటనను కొందరు అపార్థం చేసుకున్నారు. అది మాక్ డ్రిల్! ఆపద వస్తే పోలీసులు ఎంతలో వస్తారో మేమే స్వయంగా పరీక్షించాం. ఫలితం సంతృప్తికరం! ఇక ఈ దీపం, మన ఆడపడుచుల భద్రత కోసం నేను చేసిన పోరాటానికి ఫలం!"

చప్పట్లు. నూకయ్యకు ఏమీ వినబడలేదు గానీ అందరికంటే గట్టిగా కొట్టాడు.

"ఇప్పుడు మహిళల తరఫున నా శ్రీమతి కృతజ్ఞతగా రెండు మాటలు చెప్తుంది."

సింహాచలమ్మ ఎప్పుడూ మైకు పట్టుకోలేదు. రెండు చేతులతో, పాలగిన్నెను పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నాకు మీటింగుల్లో మాటాడ్డం రాదు. ఈ లైటు ఎట్టించింది మా ఆయనే. అది నిజిం." మణికుమార్ గారు చిరునవ్వుతో తల పంకించారు. "తీయించింది కూడా మా ఆయనే. తీయించినప్పుడు ఎవులికీ సెప్పనేదు. ఎట్టించినప్పుడు అందర్నీ పిలిసినారు."

నూకయ్య చప్పట్లు కొట్టాడు. ఆయన ఒక్కడే.

"ఏమిటిది సింహాచలం!" అన్నారు మణికుమార్ గారు, మైకు కోసం చెయ్యి చాపి.

"ఉండండి. రెండు మాటలన్నారు కదా, ఒకటే అయ్యింది." ఆమె మైకు ఇవ్వలేదు. "రెండోది, అబిగేలు గది కాళీ సెయ్యదు. ఆ ఇల్లు మా అమ్మ నాకిచ్చినాది. అందుకని సెప్తన్నాను."

టీచరమ్మ మొదట నవ్వింది. తర్వాత ఎవరు నవ్వారో చెప్పడం కష్టం, అందరూ నవ్వారు. జనం వీరేంద్ర వైపు తిరిగారు. శాలువాకు ఉక్కపోసిందో, సంగతికే ఉక్కపోసిందో, అతను చెమట తుడుచుకుని, "దీదీ సచ్ బోల్ రహీ హై, నిజమే," అన్నాడు.

ఇంటికి వచ్చాక మణికుమార్ గారు కుర్చీలో కూలబడ్డారు. "ఇంట్లో చెప్పుకోవాల్సిన మాట వీధిలో చెప్తావా?"

"ఇంట్లో సెప్తే మీరొక్కరే ఇంటారండీ," అంది సింహాచలమ్మ.

కొన్నాళ్లకు, అబిగేలుకు సెలవు రోజున, సింహాచలమ్మ కొత్త చెప్పులు వేసుకుని గడప దాటింది. మెరీనా పార్కులో సముద్రం పక్కన కూర్చుని మొక్కజొన్న పొత్తు తినాలని ఇద్దరూ అనుకున్నారు. లోపలి గదిలోంచి మణికుమార్ గారి గొంతు వినిపించింది. "ఏడు దాటింది! ఎక్కడికి?"

ఆమె వినబడనట్టు రోడ్డెక్కింది. ఆయన విసురుగా బాల్కనీలోకి వచ్చి, ఒక చేతిలో గ్లాసుతో, ఇంకో చేత్తో రెయిలింగు పట్టుకుని, "నిన్నే!" అని అరిచారు.

కింద వాలు ఎక్కుతున్న నలుగురైదుగురు ఆగి తలలెత్తి చూశారు. మలుపు దీపం వెలుతురులో ఆయన, ఆయన గ్లాసు, గ్లాసులోని గ్యాసు మందు రంగు, అన్నీ స్పష్టంగా కనిపించాయి. ఎవరో, "నమస్తే అంకుల్!" అన్నారు.

మణికుమార్ గారు గ్లాసు వెనక్కి దాచుకుని, గుమ్మం వైపు ఒక్కో అడుగూ వెనక్కి వేసి, తలుపు లోపల్నించి గడియ పెట్టుకున్నారు.