జానెడు పడవ

ఆ ఆదివారం అళగర్సామి పెట్టుకున్న పని చాలా చిన్నది. కాఫీ తాగి విరుదునగర్ బస్సెక్కాలి. కుమారవేల్ కొట్టులో తయారుగా ఉన్న జానెడు కొయ్య పడవను సంచిలో వేసుకోవాలి. భోజనాల వేళకు కోవిల్‌పట్టి తిరిగి వచ్చేయాలి. భోజనానికి బావ వస్తున్నాడు మరి.

బావ అంటే భార్య ముత్తులక్ష్మికి అన్న, సోలైమలై. తూత్తుకుడి హార్బర్ ఆఫీసులో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాడు. ఆయన ఈ గడప తొక్కి రెండేళ్ళు దాటింది. ఆయన కొత్తింటి గృహప్రవేశంలో అళగర్సామి నలుగురి ముందూ, "ఇల్లు గోడౌన్ మాదిరి ఉండాది బావా!" అన్నాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో స్టోరు చూసుకునే మనిషి నోట అంతకు మించిన పొగడ్త రాదు. అది తెలియని సోలైమలై ఆ పూట నుంచి అతన్ని చెల్లెలి మొగుడి వరసతో ప్రేమగా "మాప్ళె" అని పిలవడమే మానేశాడు. ఇప్పుడు చెల్లెలు ఏడ్చి పిలిస్తే, ఒక్క పూటకు వస్తానన్నాడు.

హార్బరు మనిషి చేతిలో ముద్దులొలికే పడవ పెడితే కోపం కరుగుతుందని అళగర్సామి ఆశ. లేజరుతో కోయడానికి పనికొచ్చే పడవ ప్లాను కోసం వారమంతా ఫోన్లో వెతికాడు. మొదట దించుకున్నది విమానమై కూర్చుంది. రెండోది పడవే గాని దానికి అడుగు లేదు. మూడోది తెరిస్తే ఫోను నిండా బట్టతల మందుల ప్రకటనలు. చివరికి ఒకటి దొరికింది. బొమ్మలో పడవ టీ కప్పు పక్కన ఒద్దికగా నిలబడి ఉంది. కింది రాతలు ఏ దేశపువో తెలియలేదు గాని, పొడవు 200 అన్నది అర్థమైంది. రెండు వందల మిల్లీమీటర్లు. అంటే జానెడు.

ఆ ఫైలు కుమారవేల్‌కు వెళ్ళింది. విరుదునగర్‌లో పెండ్లి స్టేజీలకు ప్లైవుడ్ కోసి అలంకారాలు చేసేవాడతను. ఇంట్లో వాళ్ళదీ తెలుగే. ఫైల్లో అంకె ఉంది గాని, అది మిల్లీమీటర్లని ఎక్కడా లేదు. స్టేజీలు కోసి కోసి అలవాటైన మిషను దాన్ని అంగుళాలుగా చదువుకుంది. కుమారవేల్ ఎందుకైనా మంచిదని ఫోను చేశాడు.

"అన్నా, ఇంత సైజు కావల్నా? తగ్గించేదా?"

"ఇంకా తగ్గిస్తే ఏముంటుందిరా? ఫైల్లో ఉండే కొలతే. ఒక్క గీటు కూడా మార్చగూడదు."

"సరే. గాడులు వదులుగా ఉండాయి, పట్టీలు కొట్టి బిగిస్తాము. బండి పంపేదా?"

"బండి ఎందుకురా? నేనే వచ్చి సంచిలో వేసుకొని పోతాను."

కుమారవేల్ పగలబడి నవ్వాడు. అన్న భలే తమాషా మనిషి అనుకొని, చిన్న లారీ మాట్లాడేశాడు.

ఆదివారం అళగర్సామి సంచి మడిచి చంకలో పెట్టుకుంటుండగా వాకిట్లో నుంచి ముత్తులక్ష్మి కేక వేసింది.

"ఇదో, మిమ్మల్నే! బయటికి రాండి. ఎవరిదో పడవ వచ్చుండాది."

లారీ మనుషులు పక్కనున్న ఖాళీ జాగాలో రెండు ముక్కలుగా తెచ్చిన పడవను దించి, కలిపి బిగించి, వేరే పెండ్లి ఉందంటూ వెళ్ళిపోయారు. పడవ పదహారు అడుగుల పైమాటే. పాత స్టేజీ పలకలతో చేశారేమో, దాని పక్కన పూలతీగల మధ్య 'నల్వరవు' అని పెద్ద తమిళ అక్షరాలు స్వాగతం పలుకుతున్నాయి.

"జానెడు అని గదా సెప్పినారు?" అంది ముత్తులక్ష్మి.

"జానెడే. ఎవరి జానో అడక్క పోతిని."

ఎదురింటి మూక్కమ్మాళ్ అరుగు దిగి వచ్చింది. "ఏమి అళగరూ, మన వీధిలో పడవ ఎందుకు?"

అళగర్సామి వెనక్కి తిరగకుండానే, "నీళ్ళు వస్తే అక్కరకు వస్తుందిలే అత్తా!" అని విసుక్కున్నాడు.

మూక్కమ్మాళ్ ఆ మాటను భద్రంగా మోసుకెళ్ళింది. పై వీధికి చేరేసరికి అది వరద అయింది. వాళ్ళు బియ్యం మూటలు మేడ మీదికి ఎక్కించారు. కింది వీధిలో మాత్రం కొళాయిలో పడవ తేలేటన్ని నీళ్ళు వదులుతున్నారని అర్థమైంది. వాళ్ళు బిందెలు పట్టుకొని అళగర్సామి ఇంటి ముందు వరుస కట్టారు. "నీళ్ళు లేవు, పోండి" అని అతను మొత్తుకుంటే, తానొక్కడే పట్టుకోవాలని చూస్తున్నాడని వరుస ఇంకా దగ్గరికి జరిగింది.

సరిగ్గా అప్పుడు సోలైమలై ఆటో వచ్చింది. బిందెలు దారి ఇవ్వలేదు. ఆయన దిగి, జనాన్ని చూసి, పడవను చూసి, ఆగిపోయాడు. అళగర్సామి చేతులు జోడించాడు. రెండేళ్ళ కిందట ఒక్క మాటకే ఇంత జరిగింది. ఇప్పుడు ఏమంటే ఏమవుతుందో!

"నల్వరవు అని రాసుండాదే! ఇది ఎవరికి?" అన్నాడు సోలైమలై.

"నీకే అన్నా. నువ్వు వస్తావని వీధంతా నిలబడి ఉండారు," అంది ముత్తులక్ష్మి తడుముకోకుండా.

"ఈ బిందెలు?"

"పూర్ణకుంభం అన్నా."

"వట్టివిగా ఉండాయే?"

"మా ఊరి నీళ్ళ సంగతి నీకు తెలియందా?"

సోలైమలై చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, పడవలోకి ఎక్కాడు. అటూ ఇటూ ఒరిగి చూశాడు. నడుమ కూర్చున్నాడు. ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా అయిపోయింది.

"సర్వీసంతా హార్బర్లోనే. ఒక్కనాడు పడవ ఎక్కలేదు. కాలు పెడితే సాలు, కడుపులో తిప్పేది. ఆఫీసులో అందరూ నవ్వినారు. ఇది సూడు, కదలనే కదలదు! నాకని ఎంత యోచన చేసి చేయించినావు, మాప్ళె!"

ఆ పిలుపు విని అళగర్సామి కళ్ళు చెమర్చాయి. నిజం చెప్పబోయాడు. ముత్తులక్ష్మి అతని కాలు గట్టిగా తొక్కింది.

ఆ పూట సోలైమలై పడవలోనే ఆకు వేయించుకొని తిన్నాడు. బిందెలవాళ్ళకూ మేడలవాళ్ళకూ తలా ఇంత పాయసం దక్కింది. పడవను తూత్తుకుడికి పంపిస్తానని అళగర్సామి ఎంత బతిమాలినా బావ ఒప్పుకోలేదు. అక్కడ సముద్రపు గాలి ఉంది, కొయ్యకు మంచిది కాదు, ఇక్కడే ఉండనీ అన్నాడు.

ఇప్పుడు ఆయన ప్రతి ఆదివారం తొలి బస్సుకే దిగి, చీకటి పడేదాకా పడవలో కూర్చొని హార్బరు కబుర్లు చెబుతాడు. అళగర్సామి ఫ్యాక్టరీలో ఆదివారం డ్యూటీ అడిగి వేయించుకున్నాడు.