పదకొండింటికల్లా సర్వర్

ఆ రోజు ఉదయం పని చాలా చిన్నది. కొత్తగా కొన్న సర్వర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాలి, అదీ పదకొండింటికల్లా. ఎక్కించినవాడు కంప్యూటర్ విభాగానికి అధిపతి అవుతాడు, ఏసీ గది అతనిదే. రెండోవాడు గోడౌనుకి వెళ్ళి కమోడ్లు లెక్కపెట్టుకోవాలి. టైల్సు, బాత్‌రూమ్ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం మామగారిది. అందులో ఇంటివాళ్ళకు ఖాళీ ఉన్న పదవులు ఈ రెండే. పోటీదారులు కూడా ఇద్దరే: అల్లుడు, బావమరిది.

"బావా, పెన్‌డ్రైవులో వేసి తెచ్చాను. పెట్టి ఆన్ చేస్తే అరగంటలో అయిపోతుంది," అన్నాడు బావమరిది.

అల్లుడు జాలిగా నవ్వాడు. అంత చదువు చదివి, జేబులోంచి పెన్‌డ్రైవు తీసి గుచ్చితే ఇక గౌరవం ఏం మిగులుతుంది?

"ఇప్పుడంతా నెట్‌వర్క్ మీంచేరా బామ్మర్దీ! సర్వర్ ఆన్ అవగానే కేబుల్లోంచి అదే లాక్కుంటుంది, అదే ఎక్కించుకుంటుంది. మనం కాలు మీద కాలేసుకుని కూర్చోవడమే."

తన ల్యాప్‌టాప్‌లో అంతా సిద్ధం చేశాడు. "పాతదంతా చెరిపెయ్యనా?" లాంటి చికాకు ప్రశ్నలు రాకుండా అన్నిటికీ ముందే "సరే" అని రాసిపెట్టాడు. మామగారికి ప్రశ్నలు అడిగేవాళ్ళంటే గిట్టదు, అడిగేది యంత్రమైనా సరే.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోయాడు. ఆఫీసులోని పద్నాలుగు కంప్యూటర్లకూ, ఆన్ అవగానే ఎక్కించుకోవాల్సిందేమైనా ఉందేమోనని ముందు నెట్‌వర్క్ వైపు చూడమని రెండేళ్ళ కిందట నేర్పింది తనే. ఒక్కో బల్ల దగ్గరికీ తిరగడానికి బద్ధకించి చేసిన ఏర్పాటది.

అందరికన్నా ఆలస్యంగా వచ్చిన బిల్లింగ్ మేడమ్ తన కంప్యూటర్ ఆన్ చేసింది.

"సార్, తెర మీద ఏవో తెల్లక్షరాలు పరిగెడుతున్నాయండీ!"

"ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండి," అన్నాడు అల్లుడు తలెత్తకుండా. రోగం ఏదైనా అతని దగ్గరున్న మందు అదొక్కటే.

ఆఫీసు మొత్తానికి ఉన్న ఒక్క ప్రింటరూ ఆవిడ కంప్యూటర్‌కే తగిలించి ఉంది. అది కాస్తా మిగతావాళ్ళ తెరల మీంచి మాయమైంది. హాల్లోంచి కేకలు మొదలయ్యాయి.

"సార్, ప్రింటర్ కనబడట్లేదు!"

"నాక్కూడా!"

"అబ్బబ్బా, అందరూ ఆపి మళ్ళీ ఆన్ చెయ్యండయ్యా!"

అందరూ బుద్ధిగా చేశారు. ల్యాప్‌టాప్‌లో డేటా వరదలా పారుతుంటే అల్లుడి ఛాతీ ఉప్పొంగింది. "చూశావా, సర్వర్ ఎంత ఆకలి మీదుందో!"

బావమరిది సర్వర్ వెనక్కి వంగి చూశాడు. "బావా, దీనికసలు నెట్‌వర్క్ వైరే పెట్టలేదు కదా?"

అల్లుడు హాల్లోకి పరిగెత్తాడు. పద్నాలుగు తెరలూ నల్లగా నిగనిగలాడుతూ పాస్‌వర్డ్ అడుగుతున్నాయి. వాటి ముందు పద్నాలుగు మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆఫీసులో ఇప్పుడు అన్నీ సర్వర్లే, ఆ కొత్తది తప్ప. అల్లుడికి గోడౌను కళ్ళముందు కనబడింది.

బావమరిది సర్వర్‌కి తన పెన్‌డ్రైవు పెట్టాడు. అరగంటలో పని పూర్తి చేశాడు.

సరిగ్గా పదకొండింటికి మామగారు వచ్చారు. సర్వర్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, లెక్కలు మాత్రం బాగా తెలుసు.

"నువ్వెన్ని చేశావురా?"

"ఒకటి నాన్నా."

"మీరో, అల్లుడుగారూ?"

"పద్నాలుగు... అయ్యాయి మామయ్యగారూ."

మామగారు హాల్లోకి తొంగిచూశారు. అన్నీ ఒకే రంగులో, ఒకే తీరులో, క్రమశిక్షణగా కనబడ్డాయి.

"చూడరా! నువ్వొకటి చేసేలోపు ఆయన పద్నాలుగు చేశారు."

"నాన్నా, మనకి కావాల్సిందే ఒకటి..."

"నోర్ముయ్! పని తక్కువ, మాటలెక్కువ. నడు గోడౌనుకి!"

అల్లుడికి నిజంగానే సిగ్గేసింది. జరిగింది చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. అంతలో ఏసీ గాలి చల్లగా మెడకు తగిలింది. నోరు మూసుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా అతను కంప్యూటర్ విభాగాధిపతి కుర్చీలో కుదురుకున్నాడు. బయట హాల్లో సిబ్బంది అంతా బిల్లులు చేత్తో రాసుకుంటున్నారు.