చీర మడతలో భద్రాంబ

శుక్రవారం పొద్దున రామలింగయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పద్మావతమ్మను గుత్తిలో ఉన్న చెల్లెలి ఇంటికి రైలెక్కించాలి. కొట్టు తెరవాలి. నల్లమాడ పెళ్లివాళ్ల చీరలు మడతపెట్టించి పంపాలి. మధ్యాహ్నం కాస్త కునుకు తీయాలి. మొదటి రెండు పనులూ చక్కగా జరిగాయి. మూడోది జరగకుండా ఉంటేనే బాగుండేది. ఇక కునుకు సంగతి ఎత్తకపోవడం మంచిది.

రామలింగయ్య ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారి. ముందు కొట్టు, వెనక ఇల్లు. కాలు నిలవని మనిషి. కూర్చుంటే లేస్తాడు, లేస్తే నడుస్తాడు, నడుస్తూ నడుస్తూ ఇంకెవరి పనో నెత్తిన వేసుకుంటాడు. టీవీ ముందు ఆయన్ను ఒక్క ప్రకటన అయిపోయేదాకా కూర్చోబెట్టిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు.

పట్టుచీర మడతపెట్టేటప్పుడు జరీకి జరీ రాసుకోకుండా మధ్యలో కాగితం పెట్టడం ఆ కొట్టులో ఆనవాయితీ. సరిగ్గా ఆ రోజే కాగితం అయిపోయింది.

"కుళ్లాయప్ప కొట్టు మూసినాడు అన్నా. పెండ్లికి పోయినాడంట. రేపు గానీ రాడు" అన్నాడు ఓబిలేషు. ఓబిలేషు ఆ కొట్టులో చాలా ఏళ్లుగా చీరలు పరిచి చూపించే మనిషి. షావుకారుకు కుడిచెయ్యి. కొట్టులో ఇంకెవరూ లేరు కాబట్టి ఎడమచెయ్యి కూడా ఆయనే.

రేపటిదాకా ఆగుదాం అనుకునే మనిషైతే ఆయన రామలింగయ్య ఎందుకవుతాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు, పైకి చూశాడు, అటక మీద ట్రంకుపెట్టె కనబడింది.

ఆ పెట్టె నిండా 'తెర వాకిలి' వారపత్రికలు. టీవీ సీరియళ్ల అభిమానుల కోసమే వచ్చే పత్రిక అది, మూతబడి ఇరవై ఏళ్లు దాటింది. 'ఏడు గడపలు' అనే సీరియల్ కథను అందులో వారం వారం రంగుల బొమ్మలతో వేసేవాళ్లు. ఆ రోజుల్లో సీరియల్ మొదలయ్యే వేళకే కరెంటు పోయేది. అందుకని శుక్రవారం పత్రిక రాగానే వీధిలోని ఆడవాళ్లంతా రామలింగయ్య ఇంటి అరుగు మీద చేరేవాళ్లు. పద్మావతమ్మ చదివేది, వాళ్లు ఏడ్చేవాళ్లు. అరుగు మీద కాలు పెట్టే చోటు లేక రామలింగయ్య పెరటి గుమ్మంలో నుంచి ఇంట్లోకి వచ్చేవాడు. ఆమె ఒక్క సంచిక కూడా పోగొట్టకుండా దాచింది.

"అక్క అడిగితే?" అన్నాడు ఓబిలేషు.

"అట్టలు అట్లే పెడదాం. నడుమ పేజీలు మాత్రం తీసుకుందాం. పెట్టె చూసేదానికి నిండుగానే ఉంటాది. ఇరవై ఏండ్లుగా ముట్టని పెట్టెను ఇయ్యాల ముడుతుందా?"

"రంగు అంటదా పట్టుకు?"

"ఎప్పటి అచ్చప్పా అది. అంటేదంతా ఎప్పుడో అంటింటుంది. కానీ, తొందరగా కానీ."

నున్నటి కాగితం, మంచి మందం. చీరల్లో పెడితే మడత కత్తిలా నిలబడింది. రామలింగయ్య తన తెలివికి తానే మురిసిపోయాడు. పెళ్లికూతురి తండ్రి గంగాధరప్ప కారులో వచ్చి చీరలన్నీ నల్లమాడకు తీసుకుపోయాడు. పక్కవీధి తిప్పమ్మ కోడలికి పెట్టడానికి ఒక చీర కొనుక్కుపోయింది. చిలమత్తూరు నుంచి వచ్చిన ఒకామె, పేరు కూడా చెప్పకుండా, బేరం కూడా ఆడకుండా ఇంకొకటి తీసుకుపోయింది. ఆ తర్వాత ఫోను మోగింది.

"అటక మీది పెట్టె కిందికి దింపించండి" అంది పద్మావతమ్మ. "సాయంత్రం బండికి నేనూ చెల్లెలూ వస్తాండాం. 'ఏడు గడపలు' ఫోన్లో మళ్లీ వేస్తాండారంట. ఆ మాటొచ్చి ఈడ అందరూ కూర్చున్నాం, పాత పుస్తకాలు చూడాలని పానం కొట్టుకుంటాంది. మొదటి నుంచీ చదువుకుంటాం."

"మొదటి నుంచా?"

"ఒక్క పేజీ వదలకుండా."

రామలింగయ్య నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. భయం వేసింది గానీ, నిజం చెప్పాలంటే భయం కన్నా ముందు సిగ్గు వేసింది. పట్టుచీరల కొట్టున్న ఇంట్లో ఇన్నేళ్లు కాపురం చేసి, ఆమె నోరు తెరిచి ఇది నాది అని చెప్పుకున్న వస్తువు ఆ పెట్టె ఒక్కటే. దాన్ని తాను పొట్ట చీల్చి మడతకాగితం చేశాడు. సాయంత్రం లోపల పేజీలన్నీ తిరిగి తేవాలి, ఆమెకు తెలియకూడదు. అంతే, చెప్పులు వేసుకున్నాడు.

మొదట తిప్పమ్మ ఇల్లు. వీధి మొగదలలోనే కేకలు వినబడ్డాయి. లోపల అత్త ఒక స్తంభం పక్కన, కోడలు చంద్రిక ఇంకో స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. మధ్యలో చాప మీద కొత్త చీర. చీర మీద భద్రాంబ. 'ఏడు గడపలు'లో అందరినీ ఏడిపించిన అత్తగారు ఆమె. చేతిలో పాలగ్లాసు, ఎత్తిన కనుబొమ్మ, బొమ్మ కింద పెద్ద అక్షరాల్లో 'కోడలికి ఆఖరి పాలు'.

"ఎన్నడూ లేంది చీర పెడతాంటే నేను మురిసిపోతి" అంటోంది చంద్రిక. "మనసులో మాట మడతలో పెట్టి ఇచ్చింది."

"నేను తెచ్చింది చీర. ఈ మొగం యాడిదో నాకేం ఎరుక?" అంటోంది తిప్పమ్మ.

ఇక్కడ రామలింగయ్య ఊపిరి పీల్చుకొని, తల్లీ, కాగితం నాది, పొరపాటున పెట్టినాను అని ఉంటే కథ అక్కడితో తేలిపోయేది. ఆయన అలా నిలబడి చెప్పే రకం కాదు. గబగబా లోపలికి వచ్చి, "చీర మీరే పెట్టుకోండమ్మా. ఆ కాగితం మాత్రం ఇచ్చేయండి" అన్నాడు.

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

"చీర వద్దా, కాగితం కావాల్నా?" అంది తిప్పమ్మ. "ఏముందప్పా అందులో?"

"ఏం లేదు."

"ఏం లేకుంటే ఇంత ఎండలో ఎందుకు వస్తివి?"

 తిప్పమ్మ కాగితాన్ని మడిచి నడుముకు దోపుకుంది. గోడ అవతల నుంచి వింటున్న పొరుగావిడ విన్నది విన్నట్టు చెప్పి ఉన్నా బాగుండేది. రామలింగయ్య తిరిగి కొట్టు చేరేసరికి ముందర ఆడవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. ఒకామె చేతిలో తెల్లకాగితం, ఇంకొకామె చేతిలో పసుపు పట్టిన పాత వార్తాపత్రిక.

"చీర మడతలో కాగితం ఉన్నోళ్లకు బహుమతి ఇస్తాండావంట కదన్నా" అంది మొదటామె. "ఇది నా పెండ్లినాటి చీరలోది. దీనికీ వస్తాదా?"

"ఎవరు చెప్పినారమ్మా?"

"ఊరంతా చెప్తాండారు. బహుమతి కింద మోటారుబండి తగిలిందంట కదా తిప్పమ్మకు."

ఓబిలేషు పీట ఎక్కి, బండీ లేదు, బహుమతీ లేదు, ఇంటికి పోండి అని అరిచి చెప్పాడు. లేదనేసరికి నమ్మకం ఇంకా గట్టిపడింది. ఇంతలో రామలింగయ్య జేబులో ఫోను.

"ఏమప్పా సెట్టీ, ఎట్లాంటి పని చేసినావు" అన్నాడు గంగాధరప్ప.  "ముహూర్తం చీర విప్పితే 'ఈ పెళ్లి జరగదు' అని కాగితం ఉండాది. మగపెళ్లివాళ్లు ఈడే కూర్చోనుండారు. మాయమ్మ ఆ చీర ముట్టనంటాంది. ముందు నువ్వు రా."

ఓబిలేషు కారు తోలాడు. దారి పొడుగునా పంట లేని చేలు, తిరుగుతున్న గాలిమరలు. రామలింగయ్య ముందు సీట్లో కూర్చొని, కారును తానే తోస్తున్నట్టు రెండు కాళ్లతోనూ నేలను తొక్కుతున్నాడు.

నల్లమాడలో పెళ్లివారి వాకిట్లో పందిరి వేసి ఉంది, దాని కింద ఒక్కరూ మాట్లాడటం లేదు. ఒకవైపు ఆడపెళ్లివాళ్లు, ఇంకోవైపు మగపెళ్లివాళ్లు. నడుమ పళ్లెంలో ముహూర్తం చీర, దాని మీద మళ్లీ భద్రాంబే. ఈసారి చెయ్యి చాపి ఎవరినో ఆపుతోంది. పెళ్లికొడుకు మేనమామ చెన్నప్ప లేచాడు.

"మా వైపోళ్లే పెట్టినారని వీళ్లు మమ్మల్ని చూస్తాండారు. వీళ్ల వైపోళ్లే పెట్టినారని మేం వీళ్లను చూస్తాండాం. నువ్వు ఎవరి మనిషివప్పా?"

"నేను ఎవరి మనిషినీ కాదు. అది టీవీ కత. మడత కోసం పెట్టినా" అన్నాడు రామలింగయ్య.

అప్పుడు గంగాధరప్ప తల్లి మాట్లాడింది. ఆమెను ఊరంతా అవ్వ అంటారు. ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

"కతే అనుకుందాం. ఆ కతలో పెండ్లి జరిగిందా ల్యా?"

"జరిగిందవ్వా."

"ఎవురితో?"

రామలింగయ్యకు ఆ సీరియల్లో తెలిసిన పేరు ఒక్కటే. ఆ ఒక్కటీ భద్రాంబది.  అవ్వ కాగితం చివరి వరుస చూపించింది. తరువాయి వచ్చే వారం అని ఉంది. మిగతా చీరల్లోని పేజీలన్నీ తీసి చూశారు. ఒకదాంట్లో సీమంతం, ఒకదాంట్లో కోర్టు, ఇంకోదాంట్లో వంటల శీర్షిక.

"ఆ పెండ్లి జరిగుంటే ఈ చీర కట్టిస్తాం" అంది అవ్వ. "జరగకుంటే ఈ చీరా వద్దు, ఈ ముహూర్తమూ వద్దు. కతలో చెడినా చెడిందే."

గుమ్మం దగ్గర కూర్చున్న పెళ్లికూతురు జ్యోతిలక్ష్మి తల ఎత్తలేదు. గోరింటాకు పెట్టిన చేతులు ఒళ్లో పెట్టుకొని ఊరికే ఉంది. ఆ పిల్లను చూసి రామలింగయ్య జేబులో ఫోను తడుముకున్నాడు. కథలో ఆ పెళ్లి జరిగిందో లేదో తెలిసిన మనిషి ఆయనకు లోకంలో ఒక్కతే. ఆ మనిషికి తెలియకూడదనే ఆయన పొద్దున నుంచి పరుగెత్తుతున్నాడు. ఫోను తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. అందరికీ వినబడేలా పెట్టమంది అవ్వ.

"పద్మా, ఒక మాట. హేమలత పెండ్లి జరిగిందా?" బొమ్మ కింద ఉన్న పేరు చూసి అడిగాడు.

 గుత్తి స్టేషనులో ఎవరో సమోసాలమ్ముతున్న కేక వినబడింది.

"ఏ హేమలత?" అంది పద్మావతమ్మ. గొంతులో అనుమానం.

"'ఏడు గడపలు'లో హేమలత."

  పెళ్లయినప్పటి నుంచి ఆయన ఆ సీరియల్ గురించి ఆమెను ఒక్క మాట అడిగి ఎరగడు.

"నల్లమాడలో పెండ్లింట్లో ఉండా. అందరూ వింటాండారు. జరిగిందా లేదా తెలిస్తే గానీ ఈడ పెండ్లి జరిగేట్టు లేదు" అన్నాడు.

"ఎందుకు జరగదు? బ్రహ్మాండంగా జరిగింది" అంది పద్మావతమ్మ. ఇక మొదలుపెట్టింది. భద్రాంబ మంటపం దాకా రావడం, చెయ్యి అడ్డం పెట్టడం, హేమలత ఆ చెయ్యి పక్కకు తీసేసి పీట మీద కూర్చోవడం, తాళి కట్టేటప్పుడు పెళ్లికొడుకు చేతులు వణకడం, అన్నీ చెప్పింది. మగపెళ్లివాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. చెన్నప్ప కళ్లు తుడుచుకొని, దుమ్ము పడిందన్నాడు. అవ్వ లేచి తన చేత్తో చీరకు కుంకుమ పెట్టి మనవరాలి ఒళ్లో వేసింది. జ్యోతిలక్ష్మి అప్పుడు తల ఎత్తింది.

"ఇంతకూ మీకు ఈ కత యాడ దొరికింది?" అంది ఫోనులో పద్మావతమ్మ.

కనెక్షన్ చెడింది, సిగ్నల్ లేదు అని ఏదో చెప్పొచ్చు. ఎందుకో రామలింగయ్యకు ఆ పూట అబద్ధం నోటికి రాలేదు. "నీ పుస్తకాలు నేనే చించినా పద్మా. చీరల్లో పెట్టినా. తప్పయిపోయింది" అన్నాడు, పందిరి నిండా జనం వింటుండగానే.

"బండొచ్చింది" అని ఆమె ఫోను పెట్టేసింది.

సాయంత్రం పద్మావతమ్మ చెల్లెలితో ఇంటికి వచ్చి, పెట్టె పక్కన కూర్చొని, ఖాళీ అట్టలు ఒక్కొక్కటే తీసి చూసింది. తిట్టలేదు. తిట్టినా ఆయనకు కాస్త తేలికగా ఉండేది. తిప్పమ్మ, చంద్రిక కూడా వచ్చారు. కాగితం తిరిగి ఇస్తారట, కాకపోతే ఆ పాలు కోడలు తాగిందో లేదో తెలియాలట. పద్మావతమ్మ చెప్పింది విని, అరుగు మీద ఒకరి పక్కన ఒకరు కూర్చొని కాసేపు భద్రాంబను తిట్టి పోయారు.

తెచ్చిన పేజీలన్నీ మైదా జిగురుతో అతికించే పని రామలింగయ్యకే పడింది. ఏ పేజీ ఏ అట్టలోదో తెలియాలంటే కథ తెలియాలి, కథ తెలియాలంటే చదవాలి, చదవాలంటే కూర్చోవాలి. జీవితంలో మొదటిసారి ఆయన కూర్చున్నాడు. కూర్చున్నవాడు భోజనానికి పిలిచినా లేవలేదు. నల్లమాడ పెళ్లి అనుకున్న ముహూర్తానికే జరిగింది, దానికి కూడా ఓబిలేషునే పంపాడు. చదివీ చదివీ ఒకచోట ఆగిపోయాడు.

"ఏమే, హేమలత పెండ్లి జరగలేదు కదా. పెండ్లికొడుకును భద్రాంబ ధాన్యం కొట్టులో పెట్టి తాళమేసింది."

"అవును. జరగలేదు."

"మరి ఆ పొద్దు అంత వివరంగా చెప్పినావే?"

"మొదటిసారి అడిగినారు" అంది పద్మావతమ్మ. "అంతమంది ముందర మీ నోటితో అడిగినారు. లేదని ఎట్ల చెప్పేది."

 రామలింగయ్య చేతిలో జిగురు పుల్ల పక్కన పెట్టి, "మరి ఆ కొట్టులో నుంచి వాడు ఎట్ల బయటపడినాడు?" అని అడిగాడు.

ఆ పేజీ చిలమత్తూరు ఆమె చీరలో పోయింది. ఆయన ఇప్పటికి చాలాసార్లు చిలమత్తూరు పోయి వచ్చాడు. పట్టుచీర కట్టుకొన్న ప్రతి ఆడమనిషినీ ఆపి కాగితం సంగతి అడిగి, రెండుచోట్ల మాటలు పడ్డాడు, ఒకచోట తన్నులు తప్పించుకున్నాడు. ఆ పెళ్లికొడుకు ఎలా బయటపడ్డాడో పద్మావతమ్మకు తెలుసు గానీ, చెప్పడానికి ఆమె తొందరపడే మనిషి కాదు.